గేటు వేసే ఉంది

ఫిబ్రవరి 9, సోమవారం

డెజర్ట్ రోడ్డు తెగిపోయింది. మధ్యాహ్నం నేను పనిచేసే వార్డులో టీవీలో చూపించారు. పేరుకి తగ్గట్టు అక్కడ బూడిద, ఇసుక, ఎండుగడ్డి తప్ప ఇంకేమీ ఉండదు. ఎప్పుడూ చుక్క నీరుండని ఒక వాగు కొండ మీద వానకి ఒక్కసారిగా పొంగిందట. రాళ్ళూ బూడిదా వచ్చి రోడ్డు కింద తూము పూడిపోయింది. నీళ్ళు రోడ్డులో సగం కోసుకుపోయాయి. ఎడారిలో వరదేమిటో, మనిషన్నవాడు నమ్మేలా ఉందా!

ఈయన డ్యూటీ అక్కడే, వారమంతా అక్కడే ఉండి శుక్రవారం ఇంటికొస్తారు. రోడ్డు మూసెయ్యమని ఆర్డర్ వస్తే వైయూరు వైపు గేటు వెయ్యడం ఈయన పని. ఫోన్ చేస్తే తియ్యలేదు. చాలాసేపటికి "బానే ఉన్నా, బిజీ" అని మెసేజ్ పెట్టారు.

మా చెల్లెలు లవ్లీదీ ఆ దారే. వైతాంగి డే సెలవులకని మా ఇంటికొచ్చి, ఈ పొద్దున్నే తను పనిచేసే టౌపో బయల్దేరింది. ఫోన్ చేస్తే, "రోడ్డు క్లోజ్ కదక్కా, నేషనల్ పార్క్ మీదుగా వెళ్ళాను. రీచ్ అయిపోయాను" అంది. అది చుట్టుదారి. అయినా ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో డ్యూటీకి టైముకే చేరిందట. ఎప్పుడూ తిన్నని దారిలో వెళ్ళి లేటయ్యే పిల్ల, చుట్టు తిరిగి టైముకి చేరింది.

చేరనీ. ఇద్దరూ క్షేమం. దేవా, నీకు స్తోత్రం.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఈయన ఫోన్ చేశారు. గొంతు బొంగురుపోయింది. రోడ్డు కుంగినప్పుడు ఒక ముసలాయన తన యూట్ బండితో సహా గోతిలో పడ్డాడట. హెలికాప్టర్ వచ్చేదాకా నడుం లోతు బురదనీళ్ళలో నిలబడి ఆయన తల పైకెత్తి పట్టుకున్నది ఈయనే. తీసుకొచ్చింది మా పామర్‌స్టన్ నార్త్ హాస్పిటల్‌కే.

"గేటు వేసే ఉంది విక్కీ," అన్నారు.

నేను గేటు సంగతి అడగలేదు.

"ఆ పెద్దాయనే గేటు తెరుచుకుని వెళ్ళుంటాడు. నేను వేసే ఉంచాను," అని మళ్ళీ అన్నారు.

"లవ్లీ కనబడిందా మీకు?" అని అడిగాను.

"లేదే. ఏం?"

ఊరికే అడిగానని చెప్పాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఈయన వచ్చారు. బ్యాగులోంచి మాసిన బట్టలు తీస్తుంటే అడుగున ఐస్‌క్రీమ్ డబ్బా కనబడింది. శుభ్రంగా కడిగి, తుడిచి, మూత పెట్టి ఉంది. మూత మీద మా అమ్మాయి షాలెం ఒలకబోసిన ఊదారంగు గోళ్ళరంగు మరక.

ఆ డబ్బాలో ఆదివారం నేను గోంగూర రొయ్యలు పెట్టింది లవ్లీకి. ఈయనకి పెట్టలేదు. ఆ వారం మా ఇద్దరికీ మాటల్లేవు, కూరలూ లేవు. డబ్బా లవ్లీ కారెక్కడం నా కళ్ళతో చూశాను. అది ఈయన బ్యాగులోకెలా వచ్చింది?

మా అత్తగారి పెంపకం. ఎవరింటి గిన్నె అయినా కడిగి తిరిగివ్వకపోతే ఈ మనిషికి నిద్ర పట్టదు. నిజం దాచాలన్నా డబ్బా మాత్రం ఇంటికి చేర్చాల్సిందే.

అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారు. చెప్పిన తర్వాత ఆ అబద్ధంతో కాపురం చెయ్యాలి కదా.

ఫిబ్రవరి 14, శనివారం

ఈయన పువ్వులు తెచ్చారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో మొదటిసారి. ఎందుకు?

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆరాధనలో పాస్టరుగారు ఈయన్ని నిలబెట్టారు. ఒక ప్రాణం కాపాడిన మన సహోదరుడు ఆశీర్వాదంగారి కోసం దేవుణ్ణి స్తుతిద్దాం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈయన తలెత్తలేదు. సిగ్గని అందరూ అనుకున్నారు. సిగ్గుపడే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలీదా! కళ్ళు నేలమీద ఉన్నాయి, మధ్యలో ఒక్కసారి మాత్రం లవ్లీ ఎప్పుడూ కూర్చునే కుర్చీ వైపు వెళ్ళాయి. ఆ కుర్చీ ఖాళీ. డ్యూటీ మార్చుకున్నానక్కా, ఈ వారం రాలేనని మెసేజ్ పెట్టింది. ఆదివారం ఇక్కడికి రావడం కోసం కాళ్ళావేళ్ళా పడి సెలవు తెచ్చుకునే పిల్ల అది.

మధ్యాహ్నం అన్నం తిన్నారా అంటే తిన్నానన్నారు. గిన్నె మూత తీసి చూశాను. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

తర్వాత గరాజ్‌లోకి వెళ్ళి ఫోన్ మాట్లాడారు. నేను పక్కనే లాండ్రీలో ఉన్నాను. బట్టలు ఉతకడానికే వెళ్ళాను. మెషీన్ ఆన్ చెయ్యకపోవడం మాత్రం నిజం.

"ఏడవకే... అక్కకి తెలీదు... తెలిస్తే నేను చూసుకుంటా కదా," అంటున్నారు.

వెనక షాలెం వచ్చి, "మామ్, ఖాళీ బుట్ట పట్టుకుని ఎందుకు నిలబడ్డావ్?" అని ఇంగ్లీషులో గట్టిగా అడిగింది. గరాజ్‌లో మాట ఆగిపోయింది.

లవ్లీని నేనే ఈ దేశం తెచ్చాను. నా పెళ్ళయిన కొత్తలో అది ఈయన టీలో ఉప్పు కలిపి, బావా ఎలా ఉంది అని అడిగింది. ఈయన మొత్తం తాగి బాగుందన్నారు. అందరం నవ్వాం. బావామరదళ్ళన్నాక ఆమాత్రం వేళాకోళం లేకపోతే ఎలా అంది అమ్మ. నేనూ అదే అన్నాను. ఇప్పుడు ఆ టీ ఎందుకు గుర్తొస్తోంది?

అనుమానం కాదు. జరిగింది రాసుకుంటున్నాను, అంతే. షాలెంకి తెలుగు చదవడం రాదు. ఈయనకి వచ్చుగానీ, గరిటెల సొరుగు తీసే అలవాటు లేదు. ఈ పుస్తకానికి అంతకన్నా భద్రమైన చోటు లేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఎంతకాలంగా?

ఫిబ్రవరి 17, మంగళవారం

ఆ పెద్దాయన్ని ఐసీయూ నుంచి మా వార్డుకి మార్చారు. పేరు గ్రాహమ్. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. జీవితమంతా ట్రక్కులు నడిపిన మనిషి.

స్నానం చేయించడం నా వంతు వచ్చింది. మీ తల పట్టుకుని నిలబడింది మా ఆయనే అని చెబుదామనుకున్నాను. గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను. లేక ఇంకెందుకో.

వీపు రుద్దుతుంటే ఆయనే మొదలుపెట్టాడు. "గేటు నేను తీశానంటున్నారు అందరూ. పోలీసులూ అదే మాట. నా కూతురు లోవర్ హట్ ఊరి నుంచి వచ్చి, ఒప్పేసుకో డాడ్, నీ మొండితనం మాకు తెలుసు అంటోంది. ఆ గేటు మీద నేను చెయ్యి కూడా వెయ్యలేదు."

"మరి?"

"తీసే ఉంది. ముందు ఒక చిన్న ఆకుపచ్చ కారు వెళ్ళింది. తెరిచారనుకుని దాని వెనకే నేనూ వెళ్ళాను. గేటు దగ్గర మనిషి ఏదో అరిచాడు, నాకు వినబడలేదు. వింత ఏమిటంటే, తర్వాత నీళ్ళలో నన్ను పట్టుకున్నదీ ఆ మనిషే. ప్రాణం పోసినవాడు, గేటు వేసే ఉందని ఎందుకు చెబుతున్నాడో నాకు అర్థం కావడం లేదు."

స్పాంజి మళ్ళీ నీళ్ళలో ముంచాను.

"ఆ కారు వెనక అద్దం మీద ఏదో రాసుంది. గుండ్రంగా, టీ కెటిల్స్ వరసగా పేర్చినట్టు. ఏ భాషో! పోలీసులకి చెబితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మందుల ప్రభావం అనుకుని ఉంటారు."

ఏ భాషో నాకు తెలుసు. లవ్లీ కారు కొన్నరోజున, ఏలూరు నుంచి తెప్పించిన స్టిక్కర్ నా చేత్తో అతికించాను. బుడగలు రాకుండా గుడ్డతో నొక్కి, ప్రార్థన చేసి మరీ.

రాయడానికి సిగ్గేస్తోంది. అయినా ఇది నా పుస్తకం. ఆ ముసలాయన సగమే మిగిలిన కాలికి దుప్పటి కప్పుతూ నాకు సంతోషం వేసింది. ఇంతేనా అనిపించింది. గేటు తీశారు, అబద్ధమాడారు, ఒక మనిషి కాలు పోయింది. అంతే, ఇంకేం లేదు. బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పి ఏడ్చాను. అది దుఃఖం కాదు.

ఫిబ్రవరి 18, బుధవారం

సంతోషం ఒక్క రాత్రి కూడా ఉండలేదు.

ఇవాళ గ్రాహమ్ మంచం పక్కన నా ఫోన్ మోగింది. తెర మీద తెలుగులో అక్షరాలు. ఆయన మెడ చాచి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అదే! ఆ అక్షరాలే! ఏ భాష అది?"

"మా దేశంలో అలాంటి లిపులు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి," అన్నాను.

ఆయన చాలాసేపు నావైపు చూశాడు. సరేనన్నాడు. ఏం సరే?

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఈయన రాగానే డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను.

"రొయ్యలు బావున్నాయా?"

ఈయన డబ్బా వైపు చూశారు. తర్వాత నావైపు. ఇక దాచే ఓపిక లేనట్టు కుర్చీలో కూలబడ్డారు.

"ఎవరు చెప్పారు నీకు? లవ్లీయా?"

"మీరు తల పట్టుకున్న ముసలాయన చెప్పాడు. నా వార్డులోనే ఉన్నాడు."

చెప్పుకొచ్చారు. ఆ పొద్దున వైయూరులో ఎండ కాస్తోందట. కొండ మీద వాన పడుతోంది, రోడ్డు మూసెయ్యమని ఆర్డర్ వస్తే గేటు వేశారు. కాసేపటికి లవ్లీ వచ్చింది. చుట్టు తిరిగితే లేటు. రెస్ట్‌హోమ్‌లో అప్పటికే లాస్ట్ వార్నింగ్ ఇచ్చారు. ఇంకోసారి లేటయితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు వీసా.

"బావా, ఒక్కసారి తియ్యవా, ఎండగానే ఉంది కదా అంది. కూర డబ్బా చేతిలో పెట్టి, అక్క నీకు పెట్టలేదుగా, నేను పెడుతున్నా అని నవ్వింది. మొదట ఒప్పుకోలేదు విక్కీ. ఏడ్చేసింది. మరదలు పిల్ల ఏడుస్తా ఉంటే ఎట్టా నిలబడేది? ఎడారి కదా, నేలంతా ఎండిపోయి ఉంది. చినుకు లేదు. అయిదు నిమిషాల్లో దాటేస్తదిలే అనుకున్నా."

"వెనకాలాయన?"

"తీసిన గేటు మళ్ళీ వేసేలోపే దూసుకెళ్ళిపోయాడు. ఆగమని అరిచా. కాసేపటికి లవ్లీ ఫోన్. అద్దంలో వెనక బండి కనబడింది బావా, మళ్ళీ చూస్తే లేదు అని. పరిగెత్తా."

"అప్పుడే చెప్పచ్చు కదండీ, గేటు నేనే తీశానని!"

"చెబ్దామనే అనుకున్నా. ఈలోపు మా ఆఫీసువాళ్ళే వచ్చి భుజం తట్టారు, ఫొటో తీశారు. గేటు వేసే ఉందిగా అని వాళ్ళే అన్నారు. ఊఁ అన్నా. ఒక్క ఊఁ."

నేను ఊఁ అనలేదు. "ఆయన్ని అబద్ధాలకోరంటున్నారండీ. కూతురు కూడా నమ్మట్లేదు," అన్నాను.

"మరి లవ్లీ?"

లవ్లీ నా చెల్లెలు. వీసా పోతే ఏలూరులో అమ్మకి మొహం చూపించాల్సింది నేను. ఆ భయం నాకుందని తెలిసే ఈయన అడిగారా? పువ్వులు కూడా ఇందుకేనా?

ఫిబ్రవరి 22, ఆదివారం

లవ్లీ వచ్చింది. నేను ముందు కారు వెనక్కి వెళ్ళాను. అద్దం నున్నగా ఉంది. స్టిక్కర్ గీకేసిన చోట జిగురుచారలు మాత్రం మిగిలాయి.

"ఎండకి పాడైపోయిందక్కా," అంది. ఆకాశమంతా మబ్బు.

"గీకడానికి బావ చెప్పాడా, నీకే తోచిందా?"

అప్పుడు ఏడ్చింది. నేను కౌగిలించుకోలేదు. చిన్నప్పట్నుంచీ అది ఏడిస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి తీసి చేతిలో పెడతారు. మొన్న గేటు తీశారు.

సాయంత్రం ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాను. రేపు మీరు చెప్పండి, లేకపోతే ఎల్లుండి నేను చెబుతాను అన్నాను. షాలెం గది తలుపు సందులోంచి చూస్తోంది. ఎంత అర్థమైందో గానీ, వాళ్ళ నాన్న పక్కకొచ్చి కూర్చుంది.

"చెప్తాను," అన్నారు ఈయన.

లవ్లీ చప్పుడు చెయ్యకుండా కారెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళాక వీళ్ళిద్దరూ ఫోన్‌లో ఏం మాట్లాడుకుంటారో!

ఫిబ్రవరి 23, సోమవారం

సాయంత్రం ఇంటికొస్తే ఈయన సోఫాలో ఉన్నారు.

"చెప్పేశాను. గేటు నేనే తీశానని చెప్పా. డ్యూటీకి రావద్దన్నారు. లవ్లీని కూడా పిలుస్తారంట," అన్నారు.

"ఎవరికి చెప్పారు? ఏమన్నారు వాళ్ళు?"

"చెప్పాను అన్నానుగా."

మొహంలో బాధ లేదు, భయం లేదు. ఉద్యోగం పోయే మనిషి ఇలా ఉంటాడా? లవ్లీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇద్దరూ ఒక మాట అనుకున్నట్టున్నారు. నన్ను నాలుగు రోజులు ఊరుకోబెడితే గ్రాహమ్ డిశ్చార్జ్ అయిపోతాడు, అంతే కదా.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఈయన చెప్పలేదు. నాకిప్పుడు ఖాయం.

చెప్పి ఉంటే గ్రాహమ్‌కి ఈపాటికి తెలియాలి. నిజం బయటపడితే మనిషి మంచం మీద కూర్చుంటాడా? కూతురికి ఫోన్ చేసి అరుస్తాడు. ఇవాళ కిటికీలోంచి చూస్తూ పడుకున్నాడు. నేను వెళ్తే గుడ్‌మార్నింగ్ కూడా అనలేదు. నిన్నటి కన్నా నీరసం.

రేపు నేనే చెబుతాను.

రేపు చెబితే ఈయన నన్ను క్షమించకపోవచ్చు. చెల్లెలు అసలే క్షమించదు. ఎవరి మాట నమ్మాలో తెలియని ఇంట్లో క్షమాపణలతో ఏం చేసుకుంటాను?

ఫిబ్రవరి 25, బుధవారం

గ్రాహమ్ గది తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ అక్షరాలు తెలుగు. నా భాషే. మొన్న మీకు అబద్ధం చెప్పాను. ఆ కారు మా చెల్లెలిది. గేటు తీసింది..."

"నీ భర్త," అన్నాడు గ్రాహమ్.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"సోమవారం వచ్చాడు. వాళ్ళ ఆఫీసులో చెప్పి నేరుగా ఇక్కడికే వచ్చానన్నాడు. నువ్వు టీకి వెళ్ళావు. ఇదే కుర్చీలో కూర్చున్నాడు. నా కూతురి నంబరు అడిగి, నా ముందే ఫోన్ చేసి, మీ నాన్న చెప్పింది నిజం అన్నాడు. ఆమె ఏడుస్తూనే ఉంది పాపం."

"నాకు చెప్పారు. నేను నమ్మలేదు."

"నమ్మదని కూడా చెప్పాడు."

"మరి నిన్నంతా మీరు నాతో..."

"నీ ఫోన్ చూసిన రోజే నాకు అర్థమైంది, నీకు ఏదో తెలుసని. నువ్వే నోరు విప్పుతావో, డిశ్చార్జ్ దాకా నాకు స్నానాలు చేయిస్తూ ఉండిపోతావో చూద్దామని ఆగాను."

ఇన్నాళ్ళూ అందరినీ కనిపెట్టి చూస్తున్నది నేనే అనుకున్నాను.

ఆయనే మళ్ళీ అన్నాడు. "ఒక్కటి మాత్రం నీ భర్త చెప్పలేదు. ఆ అద్దం మీద ఏం రాసుందని అడిగాను. అతికించింది మా ఆవిడ, ఆవిణ్ణే అడగండి అన్నాడు. ఏం రాసుంది?"

ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. చెల్లెలి పేరు అనచ్చు, ఊరి పేరు అనచ్చు. ఆయనకి చదవడం రాదు.

"అంతా దేవుని కృప," అని, ఇంగ్లీషులో అర్థం చెప్పాను.

గ్రాహమ్ నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉన్న చోటు చూస్తూ ఉండిపోయాడు.

"రేపటి నుంచి స్నానానికి ఇంకెవరినైనా పంపుతావా?" అని అడిగాడు.

సరేనన్నాను. దుప్పటి సర్ది, నీళ్ళ గ్లాసు చేతికందే చోట పెట్టి వచ్చాను. ఇన్‌చార్జ్ నర్సుకి మొత్తం చెప్పేశాను.

ఇంటికొచ్చేసరికి ఈయన వంటింట్లో గిన్నెలు తోముతున్నారు. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. లవ్లీ కూడా ఈయన ఆఫీసుకి ఫోన్ చేసి తన సంగతి తనే చెప్పిందట. వీసా ఏమవుతుందో తెలీదు. సోమవారం హాస్పిటల్‌కి వచ్చానని ఈయన నాతో అనలేదు. గ్రాహమ్ చెప్పాడని నేనూ అనలేదు. పక్కన నిలబడి, కడిగిన గిన్నెలు తుడిచాను.

అన్నం తిన్నారా అని అడిగాను. తిన్నానన్నారు.

గిన్నె మూత తీసి చూడలేదు.